చెరువు ఆక్సిజన్ గీతలకు పీసీఏ అర్థమయ్యే ఫలితం ఇవ్వలేదు, స్పార్స్ పద్ధతి ఇస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. భీమవరం చుట్టుపక్కల 36 రొయ్యల చెరువుల్లో మీటర్లు పెట్టారు. కరిగిన ఆక్సిజన్, ఉష్ణోగ్రత, పీహెచ్ ప్రతి 10 నిమిషాలకు నమోదవుతున్నాయి. అంటే ఒక్కో కొలతకు రోజుకు 144 రీడింగులు, మూడూ కలిపితే 432 అంకెలు. చెరువుకు 100 రోజుల చొప్పున దాదాపు 3,600 రోజుల డేటా చేతిలో ఉంది. పీసీఏ, అంటే ప్రధాన అంశాల విశ్లేషణ (డేటాను కొన్ని ముఖ్యమైన గీతలుగా కుదించే పద్ధతి), చేస్తే మొదటి ఐదు అంశాలలోనే డేటాలోని మార్పులో చాలా భాగం ఇమిడిపోయింది కానీ వాటిలో ఒక్కదానికీ పేరు పెట్టలేకపోతున్నారు. గైడు గారు స్పార్స్ రిప్రజెంటేషన్, అంటే విరళ ప్రాతినిధ్యం (ప్రతి రోజు గీతనూ కొద్ది మూల గీతల మొత్తంగా రాయడం) ప్రయత్నించమన్నారు. అది చిన్న అంకెలను సున్నా చేసేయడమేనా, ఎన్ని ఆకృతులు (ఆ మూల గీతలు) పెట్టాలి, లామ్డా (సున్నాల కోసం ఎంత ఒత్తిడి పెట్టాలో చెప్పే అంకె) ఎంత ఉండాలి, ఆటోఎన్‌కోడర్ (ఈ పనిని న్యూరల్ నెట్‌వర్క్‌తో చేయించే పద్ధతి) కావాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను: వాడండి, మీ డేటాకు ఇది నప్పుతుంది. చెరువులో ఆక్సిజన్ గీతను మలిచే కారణాలు మొత్తం మీద చాలా ఉంటాయి. ఏ ఒక్క రోజును తీసుకున్నా వాటిలో మూడో నాలుగో మాత్రమే గట్టిగా పనిచేస్తాయి. విరళ పద్ధతికి కావలసిన పునాది ఇదే. 20 నుంచి 30 ఆకృతులతో మొదలుపెట్టండి. ఒక్కో ఆకృతిని ఎంత మేర కలపాలో చెప్పే అంకెలు, అంటే గుణకాలు, మైనస్‌లోకి పోకుండా కట్టడి పెట్టండి. లామ్డాను దోషం (అసలు గీతకూ మనం కట్టిన గీతకూ తేడా) ఎంత తగ్గిందో చూసి కాకుండా, ఆకృతులు ఎంత నిలకడగా వస్తున్నాయో చూసి ఎంచుకోండి. ఆటోఎన్‌కోడర్ ఇప్పుడే వద్దు. చిన్న అంకెలను సున్నా చేసేయడం మాత్రం ఇది కాదు, ఆ తేడా కింద వివరిస్తాను.

నేను తొమ్మిదేళ్లుగా డెల్టాలో చెరువుల మీటర్ల డేటాతోనే పనిచేస్తున్నాను. కాబట్టి పుస్తకంలో ఉండే విషయం తక్కువగా, చెరువు గట్టు మీద తేలిన విషయం ఎక్కువగా రాస్తాను.

పీసీఏ ఎందుకు పేరు పెట్టలేని అంశాలను ఇస్తుందో ముందు చూద్దాం. దానికి రెండు షరతులు ఉన్నాయి. మొదటి అంశం డేటాలోని మార్పును వీలైనంత ఎక్కువగా మింగాలి, తర్వాత వచ్చే ప్రతి అంశమూ ముందువాటికి లంబంగా ఉండాలి. చెరువులో జరిగే పనులు ఇలా ఒకదానికొకటి లంబంగా ఉండవు. ముసురు పట్టిన పగలు ఆక్సిజన్ పైకి లేవదు, ఆ రాత్రి మామూలు కంటే ముందే పడిపోతుంది, ఏరియేటర్లు (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఎక్కువసేపు తిప్పుతారు. ఈ గీతలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. వాటిని బలవంతంగా లంబంగా నిలబెడితే రెండో అంశం నుంచి అన్నీ అలల్లా పైకీ కిందికీ ఊగుతాయి. పైగా ప్రతి రోజుకూ ఐదు అంశాలూ కావాలి, కొన్ని ప్లస్‌తో, కొన్ని మైనస్‌తో.

మన కాలువలతో పోల్చి చూడండి. ధవళేశ్వరం దగ్గర మొదలైన నీరు ప్రధాన కాలువలు, పిల్ల కాలువలు, బోదెలు దాటి వందల తూముల గుండా పొలాలకు చేరుతుంది. ఒక మడిలోకి ఈ రోజు నీరు ఎలా వచ్చిందంటే రైతు రెండు మూడు తూముల పేర్లు చెబుతాడు. పీసీఏ చెప్పే సమాధానం వేరు. అన్ని తూములూ కొంచెం కొంచెం తెరిచారని, వాటిలో సగం నీటిని వెనక్కి లాగాయని చెబుతుంది. లెక్క సరిపోతుంది, కానీ కాలువ మీద అలా జరగదు.

విరళ పద్ధతి రైతులాగే ఆలోచిస్తుంది. దగ్గర ఒక డిక్షనరీ ఉంటుంది. అందులో ఒక్కో పదం ఒక ఆకృతి, అంటే 432 అంకెల పొడవున్న ఒక గీత. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని ఆటమ్ అంటారు, నేను ఆకృతి అనే అంటాను. ప్రతి రోజునూ ఈ డిక్షనరీలోని కొద్ది ఆకృతుల మొత్తంగా రాయాలి, మిగిలిన వాటి గుణకాలు సున్నా కావాలి. డిక్షనరీని మనం ముందే ఇవ్వం, డేటా నుంచే నేర్పిస్తాం.

సూత్రాన్ని మాటల్లో చెప్పాలంటే రెండు ఖర్చుల మొత్తాన్ని తగ్గించాలి. మొదటిది అసలు గీతకూ మనం కట్టిన గీతకూ మధ్య తేడాల వర్గాల మొత్తంలో సగం. రెండోది గుణకాల పరిమాణాల మొత్తాన్ని లామ్డాతో గుణించగా వచ్చే జరిమానా, దీన్నే ఎల్1 జరిమానా అంటారు. డిక్షనరీని స్థిరంగా పెట్టి గుణకాలు వెతుకుతాం, గుణకాలను స్థిరంగా పెట్టి డిక్షనరీని దిద్దుతాం, మళ్లీ మొదటికి వస్తాం. ఒక షరతు మరిచిపోకూడదు: ప్రతి ఆకృతిలోని అంకెల వర్గాల మొత్తం 1కి మించకూడదు. ఆ షరతు లేకపోతే ఆకృతులు పెరిగిపోయి గుణకాలు చిన్నవైపోతాయి, జరిమానా పేరుకే మిగులుతుంది. సొంతంగా కోడ్ రాసుకున్న విద్యార్థుల దగ్గర నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే.

ఎల్1 జరిమానా సున్నాలను ఎలా తెస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. ఆకృతులు ఒకదానికొకటి లంబంగా ఉన్న సులువైన సందర్భం తీసుకోండి. రెండు గుణకాలు 0.8, 0.2 అనుకుందాం, లామ్డా 0.3. ఎల్1 ప్రతి దాని నుంచి 0.3 తీసేస్తుంది. 0.8 కాస్తా 0.5 అవుతుంది, 0.2 సున్నా అవుతుంది. వర్గాల జరిమానా, అంటే రిడ్జ్, రెండింటినీ 1.3తో భాగిస్తుంది. అప్పుడు 0.62, 0.15 వస్తాయి. ఎంత భాగించినా సున్నా రాదు. రాబర్ట్ టిబ్షిరానీ 1996లో లాస్సో పేరుతో రిగ్రెషన్‌కు స్థిరపరచిన పద్ధతి ఇదే.

ఈ లెక్కలోనే ఒక లోపమూ కనిపిస్తుంది. నిజమైన 0.8 కూడా 0.5గా కుదించుకుపోయింది. అందుకే ఏ ఆకృతులు పనిచేశాయో లాస్సోతో తేల్చుకున్నాక, ఆ మూడు నాలుగింటితోనే మామూలు కనిష్ట వర్గాల పద్ధతిలో (జరిమానా లేకుండా తేడాల వర్గాలను మాత్రమే తగ్గించేది) గుణకాలను మళ్లీ లెక్కకట్టండి. గుణకాలు మైనస్‌లోకి పోకూడదన్న కట్టడి ఇక్కడ కూడా ఉండాలి. ఇది చేయకుండా 'ఏరియేటర్ వల్ల ఇన్ని మిల్లీగ్రాములు పెరిగింది' అని నివేదిక రాస్తే తక్కువ చేసి రాసినట్టే.

ఎల్1 జరిమానా బదులు తిన్నగా సున్నా కాని గుణకాల సంఖ్యకే హద్దు పెట్టవచ్చు కదా అని మీకు సందేహం రావచ్చు. 30 ఆకృతుల్లో 5 ఎంచుకునే మార్గాలు 1,42,506, ఒక్క రోజుకు అవన్నీ ప్రయత్నించగలం. 300లో 10 అంటే 14 పక్కన 17 సున్నాలు పెట్టినంత సంఖ్య. సాధారణ సందర్భంలో ఈ సమస్య ఎన్‌పీ-హార్డ్ (పరిమాణం పెరిగితే త్వరగా సాధించే దారి ఎవరికీ తెలియని తరహా) అని 1995లోనే నిరూపించారు. కాబట్టి ఎల్1 దారి ఒకటి, ప్రతి అడుగులోనూ అప్పటికి అన్నిటికంటే బాగా సరిపోయే ఒక్కో ఆకృతినీ ఎంచుకుంటూ పోయే మ్యాచింగ్ పర్స్యూట్ దారి ఇంకొకటి. మీ పరిమాణానికి రెండూ బాగానే నడుస్తాయి.

ఇప్పుడు 'సున్నా చేసేయడమేనా' అన్న ప్రశ్నకు వస్తాను. పీసీఏ అయిపోయాక చిన్న గుణకాలను కొట్టేస్తే డిక్షనరీ మారదు, ఆ అలల అంశాలే మిగులుతాయి. ఇక్కడ మాత్రం సున్నాల ఒత్తిడి ఆకృతులు నేర్చుకునే సమయంలోనే ఉంటుంది. ప్రతి రోజునూ తక్కువ పదాల్లో చెప్పాలన్న నిబంధన వల్ల ఆకృతులే విడిపోయి, ఒక్కో కారణానికి దగ్గరగా జరుగుతాయి. 1996లో ఓల్షాసెన్, ఫీల్డ్ ప్రకృతి దృశ్యాల ఫొటోల చిన్న ముక్కల మీద ఇదే చేశారు. అంచుల గురించి ఎవరూ ఏమీ చెప్పకుండానే, మెదడు దృష్టి భాగంలోని కణాలు స్పందించే తరహాలో వాలుగా ఉండే చిన్న గీతలు బయటపడ్డాయి. అదే బలం మీ డేటాలోనూ పనిచేస్తుంది, అయితే డేటాను సరిగా సిద్ధం చేయాలి. అసలు కష్టమంతా అక్కడే.

ప్రమాణీకరణ. చాలామంది 432 నిలువు వరుసల్లో ప్రతి ఒక్కదాన్నీ విడిగా ప్రమాణీకరిస్తారు, అంటే ఒకే స్థాయికి తెస్తారు. అలా చేయకండి. మధ్యాహ్నం 3 గంటల ఆక్సిజన్ రోజురోజుకూ బాగా మారుతుంది, తెల్లవారుజామున అంతగా మారదు. ప్రతి నిలువు వరుసనూ ఒకే వెడల్పుకు తెస్తే గీత స్వరూపమే చెడుతుంది. భాగించడానికి కొలతకు ఒక్క అంకె చాలు: ఆక్సిజన్ మొత్తానికి ఒకటి, ఉష్ణోగ్రతకు ఒకటి, పీహెచ్‌కు ఒకటి. దానికి ముందు సగటు రోజు గీతను తీసేయండి. ఎండ ఎక్కేకొద్దీ నీటిలోని పచ్చదనం ఆక్సిజన్ వదలడం, పొద్దుగూకాక ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు), రొయ్య, అడుగు బురద కలిసి దాన్ని వాడేసుకోవడం ప్రతి రోజూ ఉండేదే. దాన్ని తీయకపోతే మొదటి ఆకృతి ఆ సగటే అవుతుంది, ప్రతి రోజులోనూ సున్నా కాని గుణకంతో కూర్చుంటుంది.

మైనస్ గుణకాలు వద్దన్నది ఎందుకంటే, ఏరియేటర్ ఉదాహరణ చూడండి. 30 డిగ్రీల మంచినీటిలో ఆక్సిజన్ సంతృప్త స్థాయి లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాములు. రాత్రి నీరు అంతకంటే కింద ఉంటుంది కాబట్టి ఏరియేటర్ గాలిలోని ఆక్సిజన్‌ను నీటిలోకి ఎక్కిస్తుంది. పచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నం ఆక్సిజన్ ఆ స్థాయిని దాటిపోతుంది, అప్పుడు అదే ఏరియేటర్ అదనపు ఆక్సిజన్‌ను బయటికి పంపేస్తుంది. ఒకే యంత్రం, రెండు వ్యతిరేక ఫలితాలు. గుణకాలకు మైనస్ అనుమతిస్తే పద్ధతి ఈ రెండింటినీ ఒకే ఆకృతిలోకి లాక్కుని గందరగోళం చేయగలదు. ఆకృతులు పైకైనా కిందికైనా ఉండనిచ్చి, గుణకాలను మాత్రం సున్నా లేదా ప్లస్‌లో ఉంచితే 'రాత్రి ఏరియేటర్', 'పగటి ఏరియేటర్' రెండు వేర్వేరు పదాలుగా వస్తాయి. సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో దీనికి ఒక ఐచ్ఛికం సిద్ధంగా ఉంది.

ఒక నిజం ఒప్పుకోవాలి. చెరువు కచ్చితంగా కూడికలా నడవదు. ఏరియేటర్ ఎంత ఎక్కించగలదన్నది ఆ క్షణంలో సంతృప్తికి ఎంత లోటు ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. విరళ కూడిక ఒక దగ్గరి అంచనా మాత్రమే. అంచనా మరీ చెడుతోందనిపిస్తే ఆక్సిజన్ స్థాయికి బదులు అది మారే వేగాన్ని తీసుకోవచ్చు కానీ అప్పుడు మీటరు రొద పెరుగుతుంది. అరగంట సగటులు తీసుకుని ఆ తర్వాత తేడాలు తీస్తే కొంత మేలు.

జరిగే వేళ మారే సంఘటనలు. మొదటి ఏడాది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. కరెంటు ఒక రాత్రి 1:20కి పోతుంది, ఇంకో రాత్రి 3:40కి. రెండూ ఒకే సంఘటన, గీతలో వచ్చే పల్లం ఒకే ఆకారంలో ఉంటుంది. కానీ 432 అంకెల వరుసలో అవి వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి పద్ధతికి అవి రెండు ఆకృతులు. నేను 40 ఆకృతులు పెట్టి చూస్తే అందులో ఏడు అదే పల్లం, వేర్వేరు గంటల దగ్గర. ఆకృతులు చాలడం లేదనుకుని 80 చేశాను, పల్లాల కాపీలు ఇంకా పెరిగాయి. దారి రెండు రకాలు. రోజంతటి గీతకు బదులు మూడు గంటల చిన్న కిటికీలు, అంటే 18 రీడింగుల ముక్కలు తీసుకుని వాటి మీద వేరే డిక్షనరీ నేర్పించడం ఒకటి. ఆకృతిని ఏ వేళకైనా జరుపుకోనిచ్చే కన్వల్యూషనల్ స్పార్స్ కోడింగ్ రెండోది. మీరు మొదటిదానితో ప్రారంభించండి. ముసురు లాంటి రోజంతా సాగే కారణాలకు పెద్ద డిక్షనరీ, కరెంటు కోత లాంటి వాటికి చిన్న కిటికీల డిక్షనరీ, ఇలా రెండూ ఉంచుకున్నాకే నాకు గీతలు అర్థం కావడం మొదలైంది.

ఖాళీ రీడింగులు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని మీటరు కూడా ఆగిపోతుంది. మీకు అన్నిటికంటే ఎక్కువ కావలసిన గంటే డేటాలో ఉండదు. అక్కడ సున్నా పెట్టడం ఘోరం. రెండు చివరలను తిన్నని గీతతో కలపడం కూడా తప్పే, పల్లం మాయమవుతుంది. విరళ పద్ధతిలో దీనికి సులువైన దారి ఉంది: ఆ రోజుకు రీడింగులు ఉన్న వేళలనే తీసుకోండి, డిక్షనరీలో కూడా ఆ వరుసలనే ఉంచండి, గుణకాలు లెక్కకట్టండి. ఖాళీలు ఎక్కువగా ఉన్న రోజులను, సగానికి సగం పోయినవాటిని, నేర్పించేటప్పుడు పక్కన పెట్టండి.

ఇక ఎన్ని ఆకృతులు, లామ్డా ఎంత అన్న ప్రశ్న.

పుస్తకాలు డిక్షనరీలోని ఆకృతుల సంఖ్య ఒక్కో ఉదాహరణలోని అంకెల సంఖ్య కంటే ఎక్కువ ఉండాలన్నట్టు చెబుతాయి. అది ఫొటోల ముక్కల్లాంటి, లక్షల్లో దొరికే డేటాకు నప్పుతుంది. మీకు 3,600 రోజులు. అవి కూడా నిజంగా 3,600 కావు. ఒకే చెరువులో సోమవారం, మంగళవారం దాదాపు కవలలు, పక్కపక్క చెరువుల మీద పడేది ఒకే మబ్బు. అందుకే 20 నుంచి 30 అన్నాను. పరీక్షకు రోజులను కలగాపులగం చేసి విడదీయకండి, చెరువులను విడదీయండి. 27 చెరువులతో నేర్పించి 9 చెరువుల మీద పరీక్షించండి. రోజులను విడదీస్తే కవలల్లో ఒకరు శిక్షణలో, ఒకరు పరీక్షలో పడి ఫలితం అబద్ధపు అందంతో వస్తుంది.

లామ్డాకు ఒక పైహద్దు ఉంది. ప్రతి ఆకృతితోనూ ఆ రోజు గీతకు అంతర్లబ్ధం తీసి (ఒకే స్థానంలోని అంకెలను గుణించి, అన్నిటినీ కూడి), వచ్చినవాటిలో అతి పెద్దదానికి పైన లామ్డా పెడితే అన్ని గుణకాలూ సున్నాలే. అక్కడి నుంచి ప్రతిసారీ కొంత భాగం తగ్గిస్తూ కిందికి రండి. రోజుకు సగటున మూడు నుంచి ఆరు ఆకృతులు మిగిలే ప్రాంతంలో ఆగండి, అక్కడ నాలుగైదు విలువలు తీసుకోండి. ఒక జాగ్రత్త: సైకిట్-లెర్న్ లాస్సోలో దోషాన్ని నమూనాల సంఖ్యతో భాగిస్తారు, డిక్షనరీ నేర్పే భాగంలో అలా భాగించరు. ఒకచోట బాగా పనిచేసిన 0.1ని రెండోచోట అలాగే పెడితే అర్థం పూర్తిగా మారిపోతుంది.

ఆ నాలుగైదు విలువల్లో ఒక్కోదానికీ వేర్వేరు ప్రారంభాలతో పదిసార్లు నడపండి. ఈ సమస్యకు ఒకే అడుగు ఉన్న గిన్నె ఆకారం లేదు, ఎక్కడ మొదలుపెట్టారన్న దాన్ని బట్టి వేరే చోట ఆగవచ్చు. పది డిక్షనరీల్లోని ఆకృతులను ఒకదానితో ఒకటి జతచేసి కొసైన్ సామ్యం (రెండు గీతల ఆకారం ఎంత దగ్గరో చెప్పే కొలత, పూర్తిగా ఒకటే అయితే 1) చూడండి. పదింటిలో కనీసం ఎనిమిదిసార్లు 0.9 పైన సామ్యంతో తిరిగి వచ్చిన ఆకృతినే నేను నమ్ముతాను. ఈ 8, ఈ 0.9 నా అలవాటు, మీ డేటాకు కొంచెం అటూ ఇటూ చేసుకోవచ్చు. ఏ లామ్డా దగ్గర నిలకడైన ఆకృతులు ఎక్కువ వచ్చాయో దాన్ని తీసుకోండి. దోషాన్ని మాత్రమే చూస్తే ఎప్పుడూ చిన్న లామ్డాయే గెలుస్తుంది, అది మిమ్మల్ని మళ్లీ పీసీఏ దగ్గరికే తీసుకుపోతుంది.

రెండు ఆకృతులు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటే ఎల్1 ఈ రోజు ఒకదాన్ని, రేపు రెండోదాన్ని పట్టుకుంటుంది. అందులో అర్థం ఏమీ లేదు. ప్రతి జతకూ అంతర్లబ్ధం తీసి 0.95 దాటినవాటిని చూడండి. సాధారణంగా ఆకృతుల సంఖ్య తగ్గిస్తే అవి కలిసిపోతాయి. లేదంటే ఎల్1తో పాటు కొద్దిగా వర్గాల జరిమానా కలిపిన ఎలాస్టిక్ నెట్ వాడవచ్చు.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. ఇది విన్నాక మీరు ఏ ఆకృతికీ తొందరపడి పేరు పెట్టరని నమ్ముతాను. ఉండి అనే ఊరి దగ్గర ఒక చెరువు డేటాలో ఒక అందమైన ఆకృతి వచ్చింది. పగలంతా, రాత్రంతా నిదానంగా కిందికి జారే గీత. పదికి పదిసార్లూ తిరిగి వచ్చింది. ఆ చెరువులో దాని గుణకం రోజురోజుకూ పెరుగుతూ ఉంది. అడుగున మేత, వ్యర్థాలు పేరుకుని ఆక్సిజన్‌ను తినేస్తున్నాయని నిర్ణయించుకుని రైతు దగ్గరికి వెళ్లాను. కాగితం మీద ఆ గుణకం గీసి చూపించాను. ఆరు రోజులు ఎక్కి, ఏడో రోజు ఒక్కసారిగా సున్నాకు పడుతోంది, మళ్లీ ఎక్కుతోంది. ఆయన కాసేపు చూసి, వేలితో ఆ పడిన చోటు తట్టి అడిగారు: "బాబూ, ఇది ఏ రోజు?" తేదీ చెప్పాను. "ఆదివారం. ప్రతి ఆదివారం మా కుర్రాడు మీటరు పైకి తీసి పాచి తుడుస్తాడు. పడిపోయేది చెరువులో ఆక్సిజన్ కాదు, మీటరు చూపు."

ప్రోబు మీద పాచి పట్టడమే ఆ ఆకృతి. గణితం తప్పు చేయలేదు, డేటాలో నిజంగా ఉన్న కారణాన్నే పట్టింది. ఆ కారణం చెరువుదని అనుకోవడం నా తప్పు. ఆ రైతును నేను అడగకపోయి ఉంటే అనవసరంగా నీరు మార్పించేవాడిని, మందులు చల్లించేవాడిని. ఆ తర్వాత ఆ ఆకృతే మాకు చాలా ఉపయోగపడింది. దాని గుణకం ఒక స్థాయి దాటితే 'ప్రోబు తుడవండి' అని రైతు ఫోనుకు సందేశం పోయేలా పెట్టాం.

కాబట్టి మీ ప్రాజెక్టులో ఈ పని తప్పక చేయండి. నిలకడగా వచ్చిన ఆకృతులను ఒక్కోటి ఒక్కో కాగితం మీద గీయండి, సగటు గీతకు కలిపి గీస్తే చదవడం తేలిక. పేర్లు రాయకండి. దాని గుణకం బాగా పెద్దగా ఉన్న ఐదు తేదీలు కింద వేయండి. ముగ్గురు నలుగురు రైతులకు విడివిడిగా చూపించి ఆ రోజుల్లో ఏం జరిగిందో అడగండి. మేత పుస్తకం, జనరేటర్ డీజిల్ లెక్క, ఏరియేటర్లు తిప్పిన వేళలు, వాన పడిన రోజులు వారి దగ్గర ఉంటాయి. ఇద్దరు ఒకే మాట చెబితే ఆ ఆకృతికి పేరు వచ్చినట్టే. మా దగ్గర 24 ఆకృతుల్లో 11కు ఇలా పేర్లు వచ్చాయి: ముసురు, కరెంటు కోత, ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపోవడం, నీరు మార్చడం లాంటివి. మిగిలినవాటికి పేరు పెట్టలేదు, బలవంతంగా పెట్టకూడదు కూడా.

ఈ పద్ధతి పనికిరాని చోటు కూడా చెప్పాలి. ఒక రైస్ మిల్లు కోసం ధాన్యం తేమను సమీప పరారుణ వర్ణపటంతో కొలిచే పని చేశాను. ప్రభుత్వ ధాన్యం సేకరణలో 17 శాతం తేమ హద్దు కాబట్టి 16.5కూ 17.5కూ తేడా అంటే రైతుకు బస్తాల మీద డబ్బు. వందల తరంగదైర్ఘ్యాలు ఉన్నాయి, కొన్నిటినే ఎంచుకుందామని లాస్సో పెట్టాను. స్వర్ణ ధాన్యం మీద ఒక గుంపు తరంగదైర్ఘ్యాలు వచ్చాయి, వేరే రకం ధాన్యం మీద ఇంకో గుంపు, అదే స్వర్ణలో వేరే నమూనాల మీద నడిపితే మూడో గుంపు. కారణం సులువు. నీటి శోషణ పట్టీలు, 1450, 1940 నానోమీటర్ల దగ్గర ఉండేవి, చాలా వెడల్పుగా ఉంటాయి. పక్కపక్క తరంగదైర్ఘ్యాలన్నీ ఒకే మాట చెబుతాయి. అక్కడ కొద్దిమంది సాక్షులు లేరు, అందరూ సాక్షులే. పాక్షిక కనిష్ట వర్గాలు (పీఎల్ఎస్) అనే పాత పద్ధతే మెరుగ్గా పనిచేసింది. కారణాలు కొన్నే అన్న నమ్మకం మీ రంగం నుంచి రావాలి, కొలతలు ఎక్కువ ఉన్నాయన్న కారణంతో రాకూడదు. చెరువు విషయంలో ఆ నమ్మకం నాకు ఉంది, అందుకే మొదట్లోనే వాడమన్నాను.

ఆటోఎన్‌కోడర్ సంగతి క్లుప్తంగా. ఇప్పటిదాకా చెప్పిన పద్ధతిలో ప్రతి కొత్త రోజుకూ గుణకాలను ఒక చిన్న సమస్యగా సాధించాలి. ఆటోఎన్‌కోడర్ ఆ సాధనకు బదులు ఒక నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చి ఒక్క అడుగులో గుణకాలు చెప్పిస్తుంది. 2010లో గ్రెగర్, లెకన్ ఇదే ఆలోచనతో పునరావృత సాధనను కొద్ది పొరల నెట్‌వర్క్‌గా మార్చారు. ఈ మధ్య పెద్ద భాషా నమూనాల లోపలి అంకెల్లో అర్థవంతమైన లక్షణాలు వెతకడానికి విరళ ఆటోఎన్‌కోడర్లను విరివిగా వాడుతున్నారు. అక్కడ కోట్ల ఉదాహరణలు ఉంటాయి కాబట్టి ప్రతిదానికీ సమస్య సాధిస్తూ కూర్చోలేరు. మీకు 3,600 రోజులే. మామూలు ల్యాప్‌టాప్‌లో డిక్షనరీ నేర్పించడానికి కొద్ది నిమిషాలు చాలు. నెట్‌వర్క్ పెడితే పొరలు, శిక్షణ వేగం, అసలు వెలగని చచ్చు ఆకృతులు ఇవన్నీ కొత్త తలనొప్పులు. రేపు వెయ్యి చెరువులకు నిమిషనిమిషం గుణకాలు కావలసి వస్తే అప్పుడు ఆలోచించండి.

పని వరుస అడిగారు కాబట్టి నేనైతే ఇలా వెళ్తాను. మొదటి వారం మోడల్ జోలికే పోను. 36 చెరువుల్లో తలా పది రోజుల గీతలు కాగితం మీద వేసి కళ్లతో చూస్తాను, ప్రోబు తుడిచిన తేదీలు సేకరిస్తాను. రెండో వారం ఆక్సిజన్ ఒక్కదానితోనే, 144 అంకెలతో, 24 ఆకృతుల డిక్షనరీ నడుపుతాను. అది నిలకడగా వచ్చాకే ఉష్ణోగ్రత, పీహెచ్ కలుపుతాను. పీసీఏ ఫలితాన్ని పారేయకండి. పరీక్ష చెరువుల మీద రెండింటి దోషాన్నీ పక్కపక్కన పెట్టండి. అన్నే అంశాలతో పోలిస్తే విరళ పద్ధతి దోషం పీసీఏ కంటే కొంచెం ఎక్కువగానే ఉంటుంది, దానికి భయపడకండి, గైడు గారికి ముందే చెప్పండి. ఆ కొద్దిపాటి దోషానికి బదులుగా మీకు దక్కేది పేరు పెట్టగల ఆకృతి.

నడిపాక ఆకృతుల బొమ్మలు, మీరు వాడిన లామ్డా, రోజుకు సగటున ఎన్ని గుణకాలు మిగిలాయో ఇక్కడ రాయండి, చూస్తాను. ముఖ్యంగా తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య కిందికి వంగే ఆకృతి ఏదైనా వస్తే దాని తేదీలు విడిగా పెట్టండి. ఆక్సిజన్ అట్టడుగుకు చేరేది ఆ వేళలోనే, రొయ్య పైకి తేలేదీ అప్పుడే. ఆ ఆకృతి చెరువుదో, కరెంటుదో, పాచిదో తేల్చుకున్నాకే మిగతావాటి జోలికి వెళ్దాం.